ఆతిథ్య కుటుంబం (స్వచ్ఛంద సేవ)

స్వచ్ఛంద సేవ కొరకు పరదేశం నుండి వచ్చిన కార్యకర్తను తమ ఇంటిలో ఒకరిగా ఉంచుకొనే స్థానిక కుటుంబాన్ని '''ఆతిథ్య కుటుంబం''' అంటారు. 1932లో అమెరికాలో డోనాల్డ్ వాట్ ప్రారంభించిన 'ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్' ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినది. 1961లో ఏర్పడిన అమెరికా పీస్ కోర్ కార్యకర్తలు 1976 వరకు భారతదేశంలో పనిచేశారు.

==నర్సీపట్నంలో==
అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం చింతపల్లి మన్యానికి ముఖద్వారం వంటిది. (నర్సీపట్నం రోడ్ రైల్వే స్టేషను మాత్రం పట్టణానికి చాలా దూరంలో ఉన్నది.) ఇక్కడికి వచ్చేవారు కొంత తెలుగు నేర్చుకొని రావడం అవసరం. మన్యంలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే గ్రామాలు కూడా ఉన్నందున కొండపైన అదొక్కటే చాలదు. ఏజెన్సీలో మలేరియా ఉన్నది. నివారణ మందులను ప్రయాణానికి ముందే మొదలుపెట్టవలసి ఉంటుంది.

అతిథి వలన కలిగే అదనపు శ్రమ ఎక్కువగా ఇల్లాలిపైనే పడుతుంది. అందరికీ వడ్డించి చివరన తినే ఆమె, కష్టమైనా ఆ మాట అతిథితో అనదు. భోజనపు ఖర్చు ఇస్తామన్నా మొహమాటంతో వద్దంటారు. కనుక ఆ ఏర్పాటును సేవాసంస్థ ద్వారా ముందే చేసుకొనుట మేలు.

==అనుమతులు==
పర్యాటక ఈ-వీసాపై ప్రతిఫలం లేని సేవను ఒక నెలకు మించి చేయరాదు. విదేశీయునికి బస ఇచ్చినవారు 24 గంటలలోగా అధికారులకు తెలియజేయాలి. పాస్‌పోర్టు, వీసా నకళ్ళను ముందే పంపితే ఆ ఇంటివారికి తిప్పలు తప్పుతాయి.