అడగకుండానే వచ్చిన గౌతమి

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండు పాయలుగా చీలుతుంది. అందులో తూర్పు పాయ గౌతమి. కంప్యూటర్‌లో తెలుగు చదవడం, రాయడం మొదలుపెట్టిన తొలి తరానికి ఆ పేరు మరో రకంగా కూడా పరిచయం. 2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ విడుదలైంది. ఆ సీడీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. దాన్ని ఎవరూ కొనుక్కోలేదు, ఎవరూ ఎంచుకోలేదు. విండోస్‌తో పాటే వచ్చిన మొదటి తెలుగు అక్షరాలు అవి.

పెళ్లి శుభలేఖ అచ్చు వేయించాలంటే ఇంట్లో నలుగురూ కూర్చుని నమూనాలు తిరగేస్తారు. పుస్తకమైతే అక్షరం ఎలా ఉండాలో ప్రచురణకర్త చూసుకుంటాడు. ఫోన్‌కు వచ్చే కబురుకు, తెర మీద చదివే వార్తకు అలాంటి ఏర్పాటేమీ లేదు. పొద్దున లేచింది మొదలు మనం చదివే తెలుగులో ఎక్కువ భాగం, ఎక్కడో ఎవరో తయారుచేసి యంత్రంలో పెట్టి పంపిన అక్షరాల్లోనే ఉంటుంది. వీటినే సిస్టమ్ ఫాంట్లంటారు. ఈ పాతికేళ్లలో తెలుగు లిపికి జరిగిన అతి పెద్ద సంగతి ఇదేనని నా నమ్మకం. లిపి సంస్కరణ గురించి ఎంతమంది ఎన్ని చెప్పినా, కోట్లమంది కళ్లముందు అక్షరం రూపు మార్చినవి ఈ ఫాంట్లే.

గౌతమికి ముందు కంప్యూటర్‌లో తెలుగు లేదని కాదు. ఊరూరా డీటీపీ సెంటర్లున్నాయి. అను, శ్రీలిపి వంటి వాటితో కరపత్రాల నుంచి పుస్తకాల దాకా తయారయ్యేవి. అయితే వాటి పద్ధతి వేరు. ఇంగ్లీషు ఎ, బి, సి లకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టేవారు. తెర మీద తెలుగు కనిపించినా, లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు గుర్తులనే. పైగా ఒక కంపెనీ తలకట్టు పెట్టిన చోట ఇంకో కంపెనీ కొమ్ము పెట్టేది. అవతలివాళ్ల దగ్గర సరిగ్గా అదే ఫాంటు లేకపోతే, మనం పంపిన ఉత్తరం అర్థంలేని గుర్తుల కుప్పగా తెరుచుకునేది. దినపత్రికల వెబ్‌సైట్లు తలో ఫాంటు వాడేవి. వాటిలో ఒక తెలుగు మాట కోసం వెతకడం కుదిరే పని కాదు. అచ్చుకు సరిపోయిన తెలుగు, దాచుకోవడానికీ పంచుకోవడానికీ పనికిరాకుండా ఉండేది.

1991లో వచ్చిన యూనికోడ్ ఈ చిక్కులో సగం విప్పింది. ఇస్కీ అనే మన దేశపు ప్రమాణాన్ని ఆధారం చేసుకుని, ప్రతి భారతీయ లిపికీ 128 స్థానాల గడి ఒకటి కేటాయించింది. నాగరి క తన గడిలో ఎన్నో స్థానంలో ఉందో, తెలుగు క కూడా తన గడిలో అదే స్థానంలో ఉంటుంది. అంటే ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక చిరునామా దొరికింది. కానీ చిరునామా ఉంటే సరిపోదు, ఇల్లు కట్టాలి. తెలుగుకు ఆ ఇల్లు కట్టడం తేలిక కాదు.

స్త్రీ అనే మాట చూడండి. కంప్యూటర్ దీన్ని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మనం పలికే వరస కూడా అదే. రాసే వరస మాత్రం వేరు. గుడిదీర్ఘం పలికేది ర తర్వాత, ఎక్కి కూర్చునేది స నెత్తిన. అది కూర్చోవాలంటే స తలకట్టు ఊడిపోవాలి. త తన నిండు రూపం వదిలి వత్తుగా మారి కిందికి దిగాలి. ర క్రారవడిగా మారి, త వత్తుకు తగలకుండా సర్దుకోవాలి. పాత అచ్చుకూటంలో ఇది కంపోజిటర్ వేళ్లకు తెలిసిన విద్య. ఏ గూట్లోంచి ఏ వత్తు తీసి ఎక్కడ పేర్చాలో ఆయన ఆలోచించకుండానే చేసేవాడు. ఆ విద్యను యంత్రానికి నేర్పాలి.

నేర్పడానికి రెండు పనిముట్లు కావాలి. ఒకటి, మాటను అక్షరాలుగా విడగొట్టి, గుణింతాన్ని, వత్తులను రాసే వరసలోకి తెచ్చే ప్రోగ్రాము. విండోస్‌లో దాని పేరు యూనిస్క్రైబ్. రెండోది ఫాంటు. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్ పద్ధతిలో ఫాంటంటే ఉత్త బొమ్మల పెట్టె కాదు. అందులో పట్టికలుంటాయి. క, పొల్లు, ష వరసగా వస్తే ఆ మూడింటి బదులు క్ష అనే ఒక్క బొమ్మ వేయాలని ఒక పట్టిక చెబుతుంది. ఈ వత్తును ఈ అక్షరం కింద ఎంత కుడికి జరపాలో, ఎంత దించాలో ఇంకో పట్టిక చెబుతుంది. కంపోజిటర్ చేతివాటమంతా ఈ పట్టికల్లోకి ఎక్కాలి. ఒక్క వరస తప్పినా వత్తు పక్క అక్షరం మీద పడుతుంది, లేదా పొల్లు విడిగా వేలాడుతుంది.

విండోస్ కోసం ఈ తొలి భారతీయ ఫాంట్లు రూపుదిద్దినవారిలో ముఖ్యులు ఆర్.కె.జోషి. మరాఠీ కవి, అక్షరచిత్రకారుడు. ఐఐటీ బొంబాయిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత ముంబయిలోని ఎన్‌సీఎస్‌టీ అనే సాఫ్ట్‌వేర్ పరిశోధన సంస్థలో లిపుల మీద పనిచేశారు. 2008లో మరణించారు. నాగరికి మంగళ్, తమిళానికి లత విండోస్ 2000తోనే వచ్చాయి. ఎక్స్‌పీతో గౌతమికి తోడుగా కన్నడకు తుంగ, గుజరాతీకి శ్రుతి, గురుముఖికి రావి వచ్చాయి. మలయాళీలు, బెంగాలీలు తమ కార్తీక, వృందల కోసం 2004లో వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ దాకా ఆగాల్సి వచ్చింది.

సీడీలో ఉన్నంత మాత్రాన గౌతమి తెర మీదికి రాలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల విభాగం తెరవాలి. 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' అన్న మాట ఉన్న గడిలో టిక్కు పెట్టాలి. భారతీయ భాషలతో పాటు అరబిక్, హీబ్రూ, థాయ్, వియత్నమీస్ ఫైళ్లన్నీ ఎక్కుతాయనీ, 10 ఎంబీ చోటు కావాలనీ ఒక హెచ్చరిక వచ్చేది. ఒప్పుకుంటే ఎక్స్‌పీ సీడీ పెట్టమనేది. ఇక్కడే చాలామంది ఆగిపోయేవారు. ఇంట్లో కంప్యూటర్ అమర్చినవాడు సీడీ ఇచ్చి ఉండడు. నెట్ సెంటర్లో అడిగితే అక్కడి కుర్రాడికి ఆ టిక్కు ఎందుకో తెలిసేది కాదు. మా ఊళ్లో ఒక సెంటర్ యజమానికి నేను నా సొంత సీడీ తీసుకెళ్లి ఇచ్చి, ఒకే ఒక్క కంప్యూటర్‌లో తెలుగు పెట్టించుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు అది ఖాళీ అయ్యేదాకా వేచి ఉండి దాని ముందే కూర్చునేవాణ్ని.

టిక్కు పెట్టనివాళ్లకు తెలుగు డబ్బాలుగా కనిపించేది. ఒక అక్షరానికి తన దగ్గరున్న ఏ ఫాంటులోనూ బొమ్మ దొరకకపోతే, కంప్యూటర్ ఆ చోట ఖాళీ గడి వేస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, తర్వాత వచ్చిన తెలుగు బ్లాగులు తొలి రోజుల్లో ఎక్కువగా జవాబు చెప్పిన ప్రశ్న 'నాకు డబ్బాలు కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?' అన్నదే. ఓపిగ్గా బొమ్మలు గీసి, ఎక్కడ నొక్కాలో చూపించి, వందలమందికి ఆ టిక్కు పెట్టించినవాళ్లకు తెలుగు ఎంతో రుణపడి ఉంది.

ఇక గౌతమి అందచందాలు. నా మట్టుకు నాకు అది అందమైన ఫాంటు కాదు. గీత అంతటా ఒకే మందం, అక్షరం చిన్నది, వరసల మధ్య ఎడం మరీ ఎక్కువ. ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట సన్నబడి, వెలిసిపోయినట్టు కనిపించేది. వత్తు కింద వత్తుకు చోటివ్వాలి కాబట్టి ఆ ఎడం తప్పనిసరి అనుకున్నా, పుస్తకాల్లో తెలుగు చూసి పెరిగిన కంటికి అది ఆకలి తీర్చలేదు. ఆ ఆకలి తీర్చింది తిరుమల కృష్ణ దేశికాచారి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన పోతన. అందులో అచ్చుపుస్తకం పోలిక ఉంది, గీతలో ఎక్కువతక్కువల సొగసు ఉంది. పోతన, వేమన ఫాంట్లు రెండూ లినక్స్ భాండాగారాల్లోకి వెళ్లాయి. గౌతమి మైక్రోసాఫ్ట్ సొత్తు కనుక లినక్స్‌లోకి రాలేదు. అక్కడ పోతనకు తోడు రెడ్ హ్యాట్ ఇచ్చిన లోహిత్ తెలుగు దిక్కైంది. అయినా ఎక్కువమంది చదివింది గౌతమినే. అందమైన ఫాంటును వెతుక్కుని దించుకోవాలి. సిస్టమ్ ఫాంటు అప్పటికే అక్కడ ఉంటుంది. ఎంతమంది చదవగలరన్నది దాని చేతిలోనే ఉంది.

ఫోన్లు వచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో మళ్లీ డబ్బాలే. అప్పుడు అందరినీ ఆదుకున్నది ఒపేరా మినీ బ్రౌజర్‌లోని ఒక చాటు కిటుకు. దాని లోపలి సెట్టింగుల్లో సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమని చెబితే, ఆ కంపెనీ సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి ఫోన్‌కు పంపేది. చదవడానికి తప్ప ఇంక దేనికీ పనికొచ్చేది కాదు. అయినా ఆ ఒక్క మార్పు కోసం స్నేహితులు ఒకరి ఫోన్ ఒకరు తీసుకుని సరిచేసేవారు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చినప్పుడు తెలుగు, కన్నడ, మలయాళ అక్షరాలు లోపలే చేరాయి. ఆ తర్వాత గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగు వచ్చింది. ఆ ఖాళీ డబ్బాలకు ఇంగ్లీషులో తోఫు అని ముద్దుపేరు. తోఫు ఇక కనిపించకూడదన్నదే నోటో ఉద్దేశం, పేరులోనూ అదే ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఆపిల్ కంప్యూటర్లలోకి తెలుగు 2011లో లయన్ కూర్పుతో వచ్చింది. అక్కడి తెలుగు సంగం ఎంఎన్ అనే ఫాంటు పేరు చివరి ఎంఎన్, దాన్ని తయారుచేసిన ముత్తు నెడుమారన్ పేరులోని పొడి అక్షరాలు. ఆ ఆపిల్ ఫోన్లలోనే 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తలకెక్కింది. జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఫోన్‌కు వస్తే, వచ్చిన యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే స్తంభించేది. విజ్ఞానం అని రాయడానికి మనకు రోజూ కావలసిన అక్షరమది.

నిజానికి మామూలు జ్ఞా ఏ ఫోన్‌నూ ఏమీ చేయలేదు. దాని మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటేనే తంటా వచ్చింది. ఆ గుర్తు మనకు కొత్తది కాదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా, పొల్లు విడిగా నిలబడాలంటే దాన్నే వాడతాం. అది పొల్లు తర్వాత ఉండాలి. ఈ కూర్పులో ఞ కూ దీర్ఘానికీ నడుమ, ఏ తెలుగువాడూ పెట్టని చోట ఉంది. అక్షరాలను పేర్చే ఆపిల్ ప్రోగ్రాము అక్కడ లెక్క తప్పి, తనది కాని మెమరీ మీద రాసింది. బెంగాలీ, నాగరి అక్షరాల్లో కూడా కొన్ని కూర్పులు ఇదే గతి పట్టించాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. 'తెలుగు బగ్' అన్న పేరు మాత్రం నిలిచిపోయింది, అది న్యాయం కాదు. లోపం అక్షరంలో లేదు, ఆ అక్షరాన్ని అన్ని విధాలా పరీక్షించకుండా పంపిన ప్రోగ్రాములో ఉంది.

ఈలోగా విండోస్‌లో గౌతమి పక్కకు జరిగింది. 2009లో విండోస్ 7తో వాణి అనే మరో తెలుగు ఫాంటు వచ్చింది. 2012లో విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చింది. తెలుగు, తమిళం, నాగరి, సింహళం, సంతాలీవాళ్ల ఓల్ చికీ అన్నీ ఈ ఒక్క ఫాంటులో ఉన్నాయి. సవరల సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా ఉంది. సవర భాషకు నిఘంటువూ వ్యాకరణమూ కట్టిన గిడుగు రామమూర్తి గుర్తుకొచ్చి, అది చూసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. అయితే మెనూల కోసం గీసిన ఫాంటు గనుక నిర్మలలో వరస ఎత్తు బిగువు. ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తులో తెలుగు కూడా ఇమడాలి. అందుకు వత్తులే కుదించుకోవాల్సి వచ్చింది. చిన్న తెర మీద మ వత్తు, వ వత్తు పోల్చుకోలేక కళ్లు చికిలించే పెద్దవాళ్లను మీరూ చూసే ఉంటారు.

గిడుగు, గురజాడ, మండలి, సురవరం, ధూర్జటి వంటి పేర్లతో ఎన్నో తెలుగు ఫాంట్లు గత పదిహేనేళ్లలో ఉచితంగా వచ్చాయి. కొన్ని చాలా బాగుంటాయి. వెతుక్కుని దించుకున్నవారికి తప్ప అవి కనిపించవు. అక్షరాలు గీసే పిల్లలు, ప్రోగ్రాములు రాసే పిల్లలు మనలో బోలెడుమంది ఉన్నారు. సిస్టమ్ ఫాంటులో వత్తు తప్పు పడితే చూసీచూడనట్టు పోకుండా, బొమ్మతో సహా తయారీదారుకు రాయాలి. నోటో వంటి వాటి మూలాలు బాహాటంగానే ఉన్నాయి, నేరుగా వెళ్లి సరిచేయవచ్చు.

కొత్తగా కొన్న విండోస్ కంప్యూటర్‌లో ఇప్పుడు గౌతమి ముందుగా ఉండదు. మీ పాత ఫైలు ఏదైనా ఆ ఫాంటు అడిగితే సెట్టింగుల్లో ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి, 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' ఎంచుకోండి. గౌతమి, వాణి రెండూ దిగుతాయి. ఈసారి సీడీ అక్కర్లేదు.