చంద్రుణ్ణి అడిగి బయలుదేరండి!

ఈ వేసవి సెలవుల్లో విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సముద్రపుటొడ్డు రోడ్డు మీదుగా వెళ్దామా? దూరం సుమారు 30 కిలోమీటర్లే. కాని ఏ వేళకు బయలుదేరాలో చంద్రుణ్ణి అడగాలి!

ఎందుకంటారా? దారిలో మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. నీరు వెనక్కు తగ్గే ‘ఆటు’ వేళ దాన్ని బాగా చూడవచ్చు. ముఖ్యంగా చంద్రుని ఆకర్షణవల్ల సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడూ కాస్త ముందుకు జరుగుతాడు కదా! అందుకే ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఆటుపోట్ల పట్టికలో ఒక్కరోజు వేళ తెలిస్తే చాలు. ఆదివారం ఆటు ఉదయం 6 గంటలకైతే బుధవారం ఎప్పుడు? లెక్క వేయండి. దాదాపు 8.30కి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడూ తోడవుతాడు. నీరు మరింత వెనక్కు పోతుంది. పోటులో మరింత పైకీ వస్తుంది. కనుక పెద్దల వెంట ఆటుకు కాస్త ముందుగానే చేరి, నీరు పెరగకముందే ఒడ్డెక్కండి. నాచు పట్టిన రాళ్ళు జారుతాయి, జాగ్రత్త!

ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ క్రితం గాలి పోసిన ఇసుక అది. రేణువులకు పట్టిన ఇనుము ఆక్సైడువల్ల ఎర్రబడింది. వానలు వాటిని ఎలాగూ కోస్తున్నాయి, మీరు తవ్వకండి.

ఇక సీటు సంగతి. వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు. పొద్దుటి ఎండా అటే! సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చుంటే నీడా, సముద్రమూ రెండూ మీవే.