మీకు తెలుసా? ట్రాక్టర్‌కు రెండు బ్రేకు పెడళ్లెందుకు?

ఎడమ పెడల్ ఎడమ వెనక చక్రానికి, కుడిది కుడి చక్రానికి. పొలం గట్టు దగ్గర స్టీరింగ్ తిప్పి లోపలివైపు బ్రేకు ఒక్కటే తొక్కితే, ఆ చక్రం నిలిచి బండి దాని చుట్టూ తిరుగుతుంది. కానీ సదాశివనగర్‌లో వడ్ల ట్రాలీతో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపి గొళ్లెం వేయాల్సిందే. వేగంలో ఒక్క బ్రేకే పడితే ట్రాక్టర్ బోల్తా కొట్టవచ్చు. దయచేసి ఇది మరవకండి.

ఎగుడుదిగుడు నేలమీద బరువులెత్తే టెలిహ్యాండ్లర్లు మలుపు తిరిగేది ఇంకో పద్ధతిలో. జేసీబీ తన టెలిహ్యాండ్లర్ అయిన లోడాల్‌ను 1977లో తెచ్చింది. నేటి చాలా మోడళ్లలో వెనక చక్రాలు ముందువాటికి ఎదురు దిశలో తిరిగి మలుపును బాగా కుదిస్తాయి. నాలుగూ ఒకే దిశకు తిప్పితే బండి పీతలా ఏటవాలుగా జరుగుతూ గోడవారకు చేరుతుంది.