కోనసీమ దొడ్డి – ఫలవృక్షముల వంశరక్ష

మన పూర్వులు సప్తసంతానములను పేర్కొన్నప్పుడు పుత్రునితోపాటు వనమునుగూడ లెక్కించిరి. చెరువు త్రవ్వించుట, గుడి కట్టించుట, కావ్యము వ్రాయించుట ఎట్టి కీర్తికరములో, తోట వేయుటయు నట్టిదే యని వారి తలంపు. ఈ తలంపు గ్రంథములలోనే నిలిచిపోక నేలపై రూపు దాల్చిన సీమలలో కోనసీమ యొకటి.

గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ, వైనతేయము చీల్చుకొని పోవు ఈ భూమి యంతయు గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప వరిచేలతోపాటు తోటలును విస్తరించినవి. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఇల్లనగా నాలుగు గోడలు మాత్రమే కాదు; వెనుక దొడ్డి యున్నగాని ఇల్లు నిండదు. ఆ దొడ్డిలో అన్నిటికంటె పైన కొబ్బరి. దాని నీడలో అరటి. గట్టుమీద మామిడి, పనస. నూతిచెంత పంపరపనస, దబ్బ. కంచెవెంట సీతాఫలము. స్నానపు నీరు వృథాగా పోనీయక అరటిబోదెల మొదటికి మళ్లించుట ఇల్లాలి నేర్పు. ఎండ ఏ యెత్తున ఎంత పడునో, వేరు ఏ లోతునకు దిగునో ఎరిగి అమర్చిన కూర్పు ఇది.

ఇట్టి దొడ్డిలో పెరిగిన బాలునకు మాసముల పేర్లు వేరుగా వల్లెవేయించ నక్కరలేదు. ఉగాది పచ్చడికి పిందె మామిడి దొరికినచో అది చైత్రము. గడ్డిలో మాగవేసిన రసాలు గదియంతయు గుబాళించినచో వైశాఖ జ్యేష్ఠములు. తొలకరితో నేరేడు నాలుకను నీలముచేయును. భాద్రపదమున పాలవెల్లికి వెలగయు పంపరపనసయు వ్రేలాడును. దసరా దీపావళుల నడుమ సీతాఫలము కన్నువిచ్చును. కార్తికమున ఉసిరి, భోగినాడు పసివారి తలలపై రేగుపండ్లు. ఇక అరటికి ఋతుభేదము లేదు; చక్కెరకేళియో, అమృతపాణియో, ఏదో యొక గెల పండుచునే యుండును. పనసపండు సంగతి వేరు. అది ఒక ఇంటివారికి తరుగునది కాదు. చేతులకు నూనె రాచుకొని తొనలు వొలిచిననాడు వీధి యంతయు పంచుకొనవలసినదే. లేతకాయ పొట్టుకూరయై ఆవ ఘాటుతో పెండ్లిపంక్తి నలంకరించును.

ఐతే ఈ చెట్లన్నియు ఒకే రీతిగా వంశము నిలుపుకొనవు. అరటిపిలక తల్లికి ప్రతిరూపము. పిలక నాటినచో పండు మారదు. మామిడి, పనస, పంపరపనస అట్టివి కావు. మన ప్రాంతపు మామిడిలో అధికభాగము టెంకనుండి మొలిచినపుడు తల్లిని పోలదు. పరాగము ఏ చెట్టునుండి వచ్చినదో ఆ గుణముకూడ కలిసి క్రొత్త మొక్క పుట్టును. కావున తాతగారు టెంక పాతి పెంచిన దొడ్డిమామిడి లోకమున ఒక్కటే. కొత్తపల్లి కొబ్బరి, పండూరు మామిడి వంటివి పేరుపడి అంటులద్వారా ఊరూర వ్యాపించినవి. పేరుపడని చెట్టు మాత్రము తాను కూలిన దినముననే తన రుచిని వెంటగొనిపోవును.

తాళపత్రములతో పరిచయమున్నవారి కీ మాట సులభముగా బోధపడును. ఒకే ప్రతి యున్న కావ్యము చెదలుపట్టినచో కవి రెండవమారు మరణించినట్లే. బ్రౌను దొర పండితులచేత ప్రతులు వ్రాయించుటచేతనే ఎన్నో తెలుగు కావ్యములు మనకు దక్కినవి. మామిడి విషయమున అంటు కట్టువాడే ఆ వ్రాయసకాడు.

నేడు ఆ యొంటిప్రతులకు ముప్పు వచ్చినది. అన్నదమ్ముల పంపకములలో దొడ్డి ముక్కలై ఇండ్లస్థలములగుచున్నది. సముద్రతీర గ్రామములలో రొయ్యల చెరువులు తోటలను ఆనుకొని వచ్చినవి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను ఒక్క రాత్రిలో అసంఖ్యాకముగా కొబ్బరిచెట్లను నేలగూల్చినది. కొబ్బరిపైననే ఆధారపడిన కుటుంబము క్రొత్త మొక్క కాపునకు వచ్చువరకు ఏండ్లతరబడి ఎదురుచూడవలసివచ్చినది. నడుమ అరటి వేసికొన్నవారికి మరుసటి యేటికే గెల చేతికందినది. పలురకముల చెట్లు నాటుట నాలుకకొరకు మాత్రమే కాదు, కష్టకాలమునకు ఆసరా యనియు ఆ తుపాను నేర్పినది.

అంటు కట్టుట దుస్సాధ్యమైన విద్య కాదు. వానకాలమున మూడు నాలుగు నెలలు ముదిరిన కొమ్మకొనను ఎంచుకొని, వారము పదిదినములు ముందుగా ఆకులను తొడిమ లుంచి కత్తిరించవలెను. కొనమొగ్గ ఉబ్బినపుడు ఆ పుల్లను కోసి, మొదలు రెండువైపుల చెక్కి, టెంకమొక్క కాండమును చీల్చి అందులో దిగువిడిచి గట్టిగా కట్టవలెను. చేతకానివారికి కడియము నర్సరీల పనివారున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము కోనసీమ నడిబొడ్డుననే యున్నది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతు తాను కాపాడిన రకమును తన పేర నమోదుచేసికొనుటకు వీలు కల్పించినది.

ఉపాధ్యాయులు ఈ పనిని ప్రారంభించుటకు మిక్కిలి తగినవారు. వేసవి సెలవులకు ముందు పిల్లలచేత తమ దొడ్డిలోని చెట్ల పట్టిక వ్రాయింపుడు. చెట్టు పేరేమి, ఎవరు నాటిరి, ఎన్నడు కాయును, పులుపా తీపా, పీచున్నదా లేదా, ఊరగాయకు తగునా రసమునకు తగునా యని అడిగి వ్రాసికొనుమనుడు. ముసలివా రున్నంతవరకే సమాధానము లుండును. ఆ పట్టికలో ఎక్కడను లేని పండొకటి కనబడినచో తొలకరి రాగానే దానికి రెండంటులు కట్టింపుడు. ఒకటి ఆ ఇంటికి, ఒకటి బడి ఆవరణమునకు.

కాపు చూచుటకు నాలుగైదేండ్లు పట్టవచ్చును. అప్పటికి ఆ పిల్లలు పై తరగతులకు వెడలిపోయి యుందురు. పండు మాత్రము తరువాతి పిల్లలకు మిగులును. వనమును సంతాన మన్నది అందుకే.