డోంగ్లి బండ్లబాట చెప్పే పాఠం

కామారెడ్డి జిల్లా వాయవ్య కొసన, మహారాష్ట్ర సరిహద్దు పక్కనున్న డోంగ్లి 2022లో కొత్త మండలమైంది. ఇక్కడి బండ్లబాట పట్టుకుని పొలాల మీదుగా మంజీర వైపు నడిస్తే దొరికే భూవిజ్ఞాన, వృక్షశాస్త్ర పాఠాన్ని మించినది ఈ ప్రాంత విద్యార్థికి ఏ తరగతి గదిలోనూ దొరకదని నా నమ్మకం.

ముందు కాళ్ల కింది నేలను చూడాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గ్రానైటు మీద ఏర్పడిన ఎర్ర చెల్కలు ఎక్కువ. పడమరకు వచ్చేసరికి అడుగున రాయి మారుతుంది, దానితో నేల రంగూ మారుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను మీద పొరలు పొరలుగా పారిన లావా బసాల్టుగా గట్టిపడింది. అది శిథిలమై నల్లరేగడి అయింది. ఇందులోని స్మెక్టైట్ బంకమన్ను రేకుల మధ్య నీటి అణువులు చేరితే నేల ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఎండాకాలంలో ఆ నెర్రెల్లోకి పై మట్టి జారిపడుతుంది. నేల తనను తానే తిరగేసుకుంటుందన్నమాట.

నీటిని పట్టి ఉంచే ఈ గుణమే ఇక్కడి పంటలకు ఆధారం. వానాకాలంలో సోయా, మధ్య సాళ్లలో కంది వేస్తారు. సోయా కోతకొచ్చాక కూడా కంది తల్లివేరు లోతుకు దిగి పదును వెతుక్కుంటుంది. యాసంగి శనగ చాలావరకు నేలలో మిగిలిన పదునుతోనే పండుతుంది. ఈ మూడింటి వేరుబొడిపెల్లోనూ బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది.

ఇక చెట్లు. మధ్యధరా తీర దేశాల పల్లెదారుల పక్కన ఆలివ్, సతతహరిత ఓక్ చెట్లు కనిపిస్తాయి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా గడుస్తుంది. అందుకే చిన్న, దళసరి ఆకులను ఏడాది పొడవునా నిలుపుకుని, ఎండ వేళ పత్రరంధ్రాలు మూసుకుని అవి నీటిని పొదుపు చేస్తాయి. మనకు వానల్లో అధికభాగం జూన్, సెప్టెంబరు మధ్య నైరుతి రుతుపవనాలు తెచ్చేవే. వెచ్చదనం, నీరు ఒకేసారి అందుతాయి. కనుక మోదుగ, టేకు ఆ కాలంలో వెడల్పాటి ఆకులతో ఆహారం కూడబెట్టుకుని, ఎండిన నెలల్లో వాటిని రాల్చేస్తాయి. ఆకులు రాలిన కొమ్మ మీద ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూస్తే ఆ ఎరుపు పక్షులకు దూరం నుంచే కనిపిస్తుంది. మకరందం తాగే పిట్ట ముఖానికి పుప్పొడి అంటుకుని మరో పూవును చేరుతుంది. వేప మాత్రం వానల కోసం ఆగదు. లోతు వేళ్లతో తేమను అందుకుని ఉగాది నాటికే చిగురిస్తుంది.

ఈ చెట్లు నిలిచేది గెట్ల మీదే. గెట్టును దున్ని చేలో కలుపుకుంటే ఒకటి రెండు సాళ్లు పెరుగుతాయేమో కానీ, పోయేది చాలా ఎక్కువ. కందిపూల మీద వాలే తుమ్మెదలు ఎండుకొమ్మలను తొలిచి గూళ్లు కట్టుకుంటాయి. కొమ్మ లేకపోతే గూడూ ఉండదు. పైగా తడిసి ఉబ్బిన రేగడిలో నెర్రెలు మూసుకుపోయి వాననీరు లోనికి సరిగా ఇంకదు, పైపైన పారుతుంది. గెట్టు గడ్డి ఆ పరుగును నెమ్మదింపజేసి మన్నును ఆపుతుంది. ఆగని మన్ను మంజీరలో కలుస్తుంది, కందకుర్తి దగ్గర గోదావరిని చేరుతుంది, శ్రీరాంసాగర్ జలాశయంలో పూడికగా పేరుకుంటుంది.