మచ్చలేనివాడు, మైలకు వెరవనివాడు

పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. అదే ఉమ్మడి వరంగల్ జిల్లాలోని డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్ ఏడు వందల ఏళ్ల తర్వాతి కట్టడం. అయినా ఆ చర్చిలో గుడి మండపాల తరహా స్తంభాలు, మసీదుల తరహా గుమ్మటాలు కలగలిసి కనిపిస్తాయి. బిషప్ వి.ఎస్. అజరయ్య పట్టుబట్టి అలా కట్టించారు. క్రీస్తు పరదేశి దేవుడిలా అనిపించకూడదన్నది ఆయన తపన. చెప్పదలచుకున్న సంగతి మాత్రం ఏ ఊరికైనా కొత్తదే: ఒక్క పాపమూ చేయని మనిషి ఒకడున్నాడని.

యేసుకు ఆకలి, అలసట, కన్నీళ్లు, శోధనలు అన్నీ ఉన్నాయనీ, పాపమొక్కటే లేదనీ క్రైస్తవుల విశ్వాసం. బైబిల్లోని హెబ్రీ పత్రిక చెప్పిన ఈ సంగతిని క్రీ.శ. 451లో కల్సెదోను సభ సంఘ సిద్ధాంతంగా ఖాయం చేసింది. ఎందుకింత పట్టింపు? ఇతరుల పాపాల బాకీని యేసు తీర్చాడని వాళ్ల నమ్మకం; మెడదాకా అప్పుల్లో మునిగినవాడు ఇంకొకరి బాకీ తీర్చలేడు. పూర్వం యూదులు పస్కా పండుగకు కోసిన గొర్రెపిల్లకు ఏ లోపమూ ఉండకూడదన్న నియమాన్ని కూడా క్రైస్తవులు ఈ దృష్టితోనే చదువుతారు. యేసు పాపం చేయగలిగీ చేయలేదా, అసలు చేయలేడా అని వేదాంత పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. పల్లె సంఘాలకు ఆ తీరిక ఉన్నట్టు లేదు.

అజరయ్య తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. 1912లో కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన మందలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. గుడి గడప తొక్కనివ్వక, ఊరి బావిలో చేద వేయనివ్వక, పుట్టుకతోనే మైల అని ఊరు దూరం పెట్టినవాళ్లు.

వాళ్లకు ఈ సిద్ధాంతంలో పదునైన భాగం సువార్త కథల్లో దొరికి ఉండాలి. పాపం లేని యేసు మడి కట్టుకుని దూరంగా కూర్చోడు. కుష్ఠరోగిని చేత్తో ముట్టుకుంటాడు, లోకం వెలివేసిన సుంకరులతో, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లతో, కలిసి భోంచేస్తాడు. ముట్టుకుంటే ఆయన మైలపడడు, రోగి బాగుపడతాడు. పైగా నిష్పాపి ఆయనొక్కడే అయితే మిగిలినవాళ్లంతా, దొరా జీతగాడూ కూడా, ఒకే వరుసలో నిలబడాలి. ఆంగ్లికన్ ఆరాధనలో పాపపు ఒప్పుకోలు ప్రార్థన బిషప్పుకూ తప్పదు. అలాగని సంఘంలో మాల, మాదిగల మధ్య దూరాలు ఒక్కసారిగా చెరిగిపోలేదు; అజరయ్యను వేధించిన తగువుల్లో అదొకటి. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

యేసు నిష్పాపి అన్న ఈ నమ్మకం ఏటా గుడ్ ఫ్రైడే నాడు తెలుగు చర్చిల్లో బాహాటంగా వినిపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలపై ప్రసంగాలు సాగుతాయి. చాలాచోట్ల ఏడుగురు ప్రసంగిస్తారు, వాళ్లలో పాస్టర్లు కానివాళ్లూ ఉంటారు. యేసులో ఏ నేరమూ కనబడలేదన్న రోమన్ గవర్నరు పిలాతు, జనం కేకలకు జడిసి అదే మనిషిని సిలువకు అప్పగించిన ఘట్టం మీద ప్రసంగీకులు గొంతు పెంచుతారు.