రంజీ ట్రోఫీలో ఒకే సీజనులో అత్యధిక వికెట్లు

భారతదేశంలో రాష్ట్ర, ప్రాంతీయ జట్ల మధ్య జరిగే రంజీ ట్రోఫీ క్రికెట్ పోటీలలో ఒకే సీజనులో అత్యధిక వికెట్లు పడగొట్టిన బౌలరు విదర్భకు చెందిన హర్ష్ దూబే. ఎడమచేతి స్పిన్నరైన ఇతడు 2024-25లో 10 మ్యాచ్‌లలో 69 వికెట్లు సాధించాడు. ఆ ఏడు ట్రోఫీ కూడా విదర్భకే దక్కింది. హైదరాబాదు జట్టు నుండి ఈ జాబితాలో పైవరుసలో నిలిచినవాడు ఆఫ్‌స్పిన్నరు కన్వల్జీత్ సింగ్. 1999-2000లో ఇతడు 62 వికెట్లు తీశాడు.

రికార్డు చేతులు మారిన క్రమం

1974-75లో ఢిల్లీ జట్టు తరఫున బిషన్ సింగ్ బేడీ 64 వికెట్లు పడగొట్టాడు. ఒక్కొక్క వికెట్టుకు ఇతడు ఇచ్చిన పరుగుల సగటు 8.53 మాత్రమే. ఈ రికార్డు 44 సంవత్సరాలు చెక్కుచెదరలేదు. 1998-99లో కర్ణాటక పేస్ బౌలరు దొడ్డ గణేశ్, మరుసటి ఏడు కన్వల్జీత్ సింగ్ చెరి 62 వికెట్లతో దానికి చేరువగా వచ్చి ఆగిపోయారు.

2018-19లో బీహారుకు చెందిన అశుతోష్ అమన్ 68 వికెట్లతో బేడీని అధిగమించాడు. సగటు 6.48. అయితే ఆ ఏడు తొమ్మిది జట్లు కొత్తగానో, తిరిగియో పోటీలో ప్రవేశించగా వాటన్నిటినీ ప్లేట్ విభాగంలో చేర్చారు. అమన్ బంతులు వేసింది ఎక్కువగా అనుభవం లేని ఆ జట్లకే. అందువలన అంకె పెద్దదైనా, బేడీ 64తో దానిని సరితూచడం కష్టం. 2019-20లో సౌరాష్ట్ర నాయకుడు జయదేవ్ ఉనద్కత్ 67 వికెట్లు తీసి తన జట్టుకు ట్రోఫీ సాధించిపెట్టాడు. పేస్ బౌలర్లలో అప్పటికి అదే అత్యధికం.

అంకెలను ఎట్లా చదవాలి?

వికెట్ల సంఖ్య ఆడిన మ్యాచ్‌ల సంఖ్యపై ఆధారపడుతుంది. ఇంగ్లండులో 1928లో టిచ్ ఫ్రీమన్ ఒకే సీజనులో 304 ఫస్ట్‌క్లాస్ వికెట్లు తీశాడు. అక్కడ వేసవి పొడవునా మ్యాచ్‌లు జరగడమే దానికి ముఖ్య కారణం. రంజీలో బౌలరుకు అన్ని అవకాశాలుండవు. 2002-03కు ముందు జట్లు మొదట తమ మండలంలోని జట్లతోనే ఆడేవి. హైదరాబాదుకు కర్ణాటక, తమిళనాడు, ఆంధ్ర, కేరళ, గోవాలు ప్రత్యర్థులు. ఆపై ఎన్ని మ్యాచ్‌లు దొరుకుతాయనేది జట్టు ఎంత ముందుకు వెళ్ళిందనే దానిమీదనే ఉండేది.

కన్వల్జీత్ సింగ్

62 వికెట్లు తీసేనాటికి ఇతని వయస్సు నలభై దాటింది. సాధారణంగా ఆటగాళ్ళు విరమించుకొనే వయస్సది. ఆ సీజనులోనే సహచరుడు వి.వి.ఎస్. లక్ష్మణ్ 1415 పరుగులు చేసి, ఒకే రంజీ సీజనులో అత్యధిక పరుగుల రికార్డు నెలకొల్పాడు. బెంగుళూరులో కర్ణాటకపై సెమీఫైనల్లో చేసిన 353 పరుగులు అందులోనివే. పరుగుల రికార్డును అందరూ చెప్పుకుంటారు, వికెట్ల సంగతి మాత్రం గుర్తుంచుకున్నవారు తక్కువ. ప్రత్యర్థిని రెండుసార్లు ఆలౌట్ చేయనిదే పూర్తి విజయం రాదు గనుక, హైదరాబాదు ఫైనలు చేరడంలో ఈ 62 వికెట్ల పాత్ర చిన్నది కాదు.

ముంబైలోని వాంఖెడే మైదానంలో జరిగిన ఫైనల్లో హైదరాబాదు ముంబై చేతిలో ఓడిపోయింది. 1937-38, 1986-87లలో ట్రోఫీ గెలిచిన ఈ జట్టు 1999-2000 తరువాత 2024-25 వరకు మరల ఫైనలు చేరలేదు. కన్వల్జీత్ సింగ్‌కు భారత జట్టులో ఒక్క టెస్టు ఆడే అవకాశమైనా రాలేదు.